చల్లారిన గీతలు

జూన్ 11

మేష్టారు శిక్ష వేశారు కాబట్టి రాస్తున్నాను, సరదాకి కాదు. రోజూ ఇంటికొచ్చాక పుస్తకం ముట్టుకోకుండా, ఆ రోజు క్లాసులో ఏం అర్థమైందో మామూలు అక్షరాల్లో రాయాలట. షార్ట్‌హ్యాండ్ గీత ఒక్కటి కూడా కనపడకూడదట. "నాకు చూపించక్కర్లేదు, మీ కోసమే రాసుకోండి" అన్నారు. ముప్పై నాలుగేళ్లదాన్ని కూర్చోబెట్టి పలక మీద దిద్దిస్తున్నట్టుంది.

ఈ రోజు అర్థమైంది: ఏమీ లేదు.

జూన్ 12

ఏమీ లేదు.

జూన్ 14

అసలు సంగతి రాయకుండా దాటేస్తున్నాను. రాసేస్తే సిగ్గు వదులుతుందేమో.

సైన్సు చదవనివాళ్ల కోసం మెడికల్ కాలేజీవాళ్లు నడిపే ఏడాది తరగతి ఇది. అరవై రెండు మందిమి చేరాం. ఏప్రిల్లో పరీక్ష. ముప్పై మందిని కాలేజీలోకి తీసుకుంటారు, మిగతావాళ్లు వచ్చిన దారిన వెళ్లిపోవాలి. రెండోసారి రాయనివ్వరు. ముప్పై అయిదు దాటితే గుమ్మం కూడా ఎక్కనివ్వరు. కాబట్టి నాకు మొదటిదీ ఆఖరుదీ ఇదే.

ఈ శిక్ష పడిన రోజు కెమిస్ట్రీ మేష్టారు పాఠం చెప్తున్నారు. నేను మొదటి బెంచీలో కూర్చుని, కోర్టులో పద్నాలుగేళ్లు ఎలా రాశానో అలాగే రాసుకుంటూ పోతున్నాను. ఆయన ఆగి, "ఏమ్మా, నేను ఇప్పటిదాకా ఏం చెప్పానో చెప్పండి చూద్దాం" అన్నారు. అడగడమే తడవుగా లేచాను. పన్నెండు నిమిషాల పాఠం పొల్లు పోకుండా చదివి వినిపించాను. ఆయన "అర్థమైందా" అన్న ప్రతిచోటా అర్థమైందా అన్నాను. దగ్గినచోట "దగ్గు" అన్నాను. చాక్‌పీసు విరిగినప్పుడు ఆయన నోట్లోంచి వచ్చిన మాట కూడా చదివాను. క్లాసంతా బల్లలు చరిచి నవ్వింది. ఆయన నవ్వలేదు.

"బాగుంది. ఇప్పుడు పరమాణువులో ఎలక్ట్రాన్ ఎక్కడుంటుందో చెప్పండి."

నోట్సు చూసుకున్నాను. ఎలక్ట్రాన్ అనే మాట పందొమ్మిది చోట్ల ఉంది. అది ఎక్కడుంటుందో నాకు తెలియలేదు.

"మీరు వినడం లేదమ్మా" అన్నారు.

ఒళ్లు మండిపోయింది. నేను వినడం లేదా? నిమిషానికి నూట నలభై మాటలు రాసేదాన్ని! నా అంత బాగా వినేది మా ఇంట్లో ఇంకొక్కతే, మా అమ్మ. నాకు నేర్పింది కూడా ఆవిడే.

జూన్ 20

నిజం చెప్పాలంటే ఆయన అన్నదాంట్లో కొంత ఉంది. కోర్టులో అర్థం చేసుకోవడం మా పని కాదు. అర్థం చేసుకోవడానికి ఆగితే చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆగితే జడ్జిగారు కళ్లజోడు పైనుంచి చూస్తారు. మాట చెవిలో పడాలి, చేతిలోంచి దిగిపోవాలి, మధ్యలో ఎక్కడా నిలవకూడదు. నా ముందు నిలబడి మనిషి నేరం ఒప్పుకున్నా, అది నాకు సాయంత్రం టైపు చేసేటప్పుడే తెలిసేది. "అయ్యో, వీడేనా!" అని అప్పుడు గుండె మీద చెయ్యి వేసుకునేదాన్ని. పక్క టేబులావిడ నన్ను చూసి, "నీకు వార్తలు ఒక పూట ఆలస్యంగా అందుతాయే" అనేది.

ఈ రోజు అర్థమైంది: ఎలక్ట్రాన్ ఫలానా చోట ఉంటుందని ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరట. ఈ మాట మొన్ననే చెప్పి ఉంటే నేనూ క్లాసులో తల ఎత్తుకుని నిలబడేదాన్ని.

జూలై 3

సెలవు. ముందుగది దులిపాను.

నాన్న పోయాక అమ్మ ఆఫీసు నుంచి వచ్చి సాయంత్రాలు ఈ గదిలోనే షార్ట్‌హ్యాండ్ చెప్పేది. అప్పట్లో అయిదు టైపు మిషన్లు, రెండు బెంచీలు ఉండేవి. ఇప్పుడు ఒక్క మిషను మిగిలింది. గోడకి ఇంకా ఆ నూనె వాసన, ఇంకు వాసన పట్టుకునే ఉన్నాయి. పిల్లలు వెళ్లిపోయాక నన్ను కింద కూర్చోబెట్టుకుని జడ వేస్తూ పేపరు చదివేది, నేను ఒళ్లో నోట్‌బుక్కు పెట్టుకుని రాసేదాన్ని. వేగం తగ్గిందంటే జడ ఒక్క లాగు లాగేది. నా స్పీడంతా ఆ జడలోంచి వచ్చిందే. రెండు చివరలూ చెక్కిన పెన్సిలు ఆవిడ జుట్టుముడిలో ఎప్పుడూ ఉండేది. ఒక ముక్కు విరిగితే రెండోది తిప్పుకోవాలి గానీ రాత ఆగకూడదు అనేది.

షార్ట్‌హ్యాండ్‌లో మాటకి హల్లులే గీస్తాం, వేగం కోసం అచ్చులు వదిలేస్తాం. తర్వాత చూసి పోల్చుకోవాలి. "తెలిసిన మాటే చదవగలవే. తెలియని మాట రాయగలవు గానీ చదవలేవు. అందుకే వేడి మీదే టైపు చేసేయాలి. గీతలు చల్లారితే మన రాత మనకే పరాయిదైపోతుంది" అనేది అమ్మ.

మిషను కవరు కింద ఆకుపచ్చ అట్ట నోట్‌బుక్కు అలాగే ఉంది. రెండేళ్ల క్రితం అమ్మకి కళ్లు పచ్చబడితే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. అప్పుడు డాక్టరు చెప్పింది అందులో రాసుకున్నాను. అన్నీ రాసుకున్నాను. తీసి చూడలేదు. దానికీ ఈ చదువుకీ ఏ సంబంధమూ లేదు. మళ్లీ కవరు కప్పేశాను.

జూలై 19

క్లాసులో నా పక్కన కూర్చునేది హోటల్లో వంటమనిషిగా పనిచేసినవాడు. చరిత్రలో డిగ్రీ, చేతుల నిండా కాలిన మచ్చలు. అతనికి కెమిస్ట్రీ నీళ్లు తాగినంత తేలిక. నాకు కొరుకుడు పడని లెక్క ఒకటి ఇస్తే ఇలా చెప్పాడు.

"అక్కా, పదిమందికి సరిపడా పళ్లేలున్నాయి, గ్లాసులు ఆరే ఉన్నాయి. పూర్తి భోజనం ఎంతమందికి పెడతావు?"

"ఆరుగురికి."

"మిగతా నాలుగు పళ్లేలు?"

"బల్ల మీదే పడి ఉంటాయి."

"అంతే అక్కా, ఈ లెక్క కూడా అంతే. ఏది తక్కువుందో అది చూడు."

రెండు వారాలుగా నోట్సులో ఈ పాఠం పద్దెనిమిది పేజీలు రాశాను. అతను నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. అప్పుడు నా చేతిలో పెన్సిలు లేదు, టీ గ్లాసుంది. ఈ సంగతి మేష్టారికి చెప్పను, ఆయనకి అలుసవుతాను.

ఆగస్టు 8

తమ్ముడు వెక్కిరిస్తున్నాడు. వాడికి టైర్ల కొట్టు ఉంది, నాతోనే ఉంటాడు. ఫిజిక్సు పుస్తకం తిరగేసి, "రాపిడి గురించి నన్నడుగు, రోజూ అరిగిపోయినవే చూస్తాను" అన్నాడు. అడిగాను. నిజంగానే మా సారు కంటే బాగా చెప్పాడు. అన్నం తింటూనే, నవ్వుతూ అడిగాడు.

"అవునూ, చేరేటప్పుడు ఇంటర్వ్యూలో నిన్ను డాక్టరెందుకు అవుతావని అడిగారా?"

"అడిగారు."

"ఏం చెప్పావు?"

"చెప్పే డాక్టర్ని అవుతానన్నాను. రోగం ఏమిటో ఇంట్లోవాళ్లకి విడమర్చి చెప్పే డాక్టర్ని."

వాడి నవ్వు ఆగిపోయింది. "మంచి మాట చెప్పావక్కా. అమ్మని చూసినవాడు ఆ ఒక్క మాట చెప్పి ఉంటే, నేను కొట్టు మూసేసి ఆ రెండున్నర నెలలూ ఇంట్లోనే కూర్చునేవాణ్ణి. కాన్సరని చివరి వారంలోనా చెప్పేది? వాడసలు మనిషేనా?"

పప్పు ఇంకొంచెం వేసుకోమన్నాను.

ఆగస్టు 9

ఆ డాక్టరు చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు తెలిసేది కదా.

సెప్టెంబరు 2

కణం. కణంలో కేంద్రకం. అర్థమైంది. పొర మీద ఉండే తలుపులు కూడా అర్థమయ్యాయి. బొమ్మ గీసి తమ్ముడికి చెప్పాను, వాడు ఆవులించాడు.

సెప్టెంబరు 21

బస్సులో నవ్వొచ్చి పక్కావిడ అనుమానంగా చూసింది. పాత సంగతి గుర్తొచ్చింది.

ఇంటికి ఎవరొచ్చినా వాళ్ల ముందే అమ్మా నేనూ చీటీల మీద గీతలు గీసుకుని మాట్లాడుకునేవాళ్లం. తమ్ముడికి అదంటే ఒళ్లు మంట. "మీ ఇద్దరి దొంగ భాషలో నన్ను తిట్టుకుంటున్నారు" అని ఏడ్చేవాడు. ఒకసారి నాన్న ఆఫీసులో పనిచేసిన పెద్దాయన వచ్చి రెండు గంటలైనా కదల్లేదు. అమ్మ నా లెక్కల పుస్తకం వెనకాల "ఈయన ఎప్పుడు వెళ్తాడో" అని గీసి నా వైపు తోసింది. నేను జవాబు రాసేలోపు ఆయన పుస్తకం లాక్కుని, జేబులోంచి పెన్ను తీసి, కింద చక్కగా గీశాడు: "ఇప్పుడే వెళ్తున్నానమ్మా." ఆయన పూర్వం స్టెనో అట! అమ్మ మొహం చూడాలి. చీర కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తింది. ఆయన వెళ్లలేదు, మళ్లీ కాఫీ తాగి ఇంకో గంట కూర్చున్నాడు. తర్వాత నెలరోజులు మేం ఏ చీటీ రాసుకున్నా కింద "ఇప్పుడే వెళ్తున్నానమ్మా" అని గీసి నవ్వుకునేవాళ్లం.

అమ్మ ఉన్నప్పుడు ఇల్లు ఎంత సందడిగా ఉండేదో. ఈ చదువు సంగతి వింటే ఏమనేదో. ముందు తిట్టేది, తర్వాత పెన్సిళ్లు చెక్కి పెట్టేది.

అక్టోబరు 15

మూడు నెలల పరీక్షలో అరవై రెండు మందిలో నలభై తొమ్మిదో స్థానం. వంటాయన మూడోవాడు. మేష్టారు నా పేపరు ఇస్తూ, "మీకు తెలిసిందే రాశారు, కానీ తెలిసింది తక్కువ. ఇంకా రాసుకుంటూనే ఉన్నారు కదూ?" అన్నారు. లేదన్నాను. బల్ల కింద చెయ్యి పెట్టి వేలితో తొడ మీద గీతలు గీస్తున్నాను. ఆయన చూశారనుకుంటాను.

నవంబరు 6

ఈ రోజు జీర్ణవ్యవస్థ. బయాలజీ మేడమ్ చార్టు మీద కర్ర పెట్టి, "ఇది క్లోమం, ప్యాంక్రియాస్" అన్నారు.

నా వేలు తొడ మీద గీత గీసింది. ప, న, క, ర, స. ఆ గీత నా చేతికి తెలుసు. మాట నేను వినడం ఇదే మొదటిసారి అనుకున్నాను గానీ, చేతికి మాత్రం కొత్త కాదు. ఇదివరకు చాలాసార్లు గీసినట్టు గబగబా తిరిగింది.

చెయ్యి ఆగిపోయింది. మేడమ్ తర్వాత ఏం చెప్పారో ఒక్క ముక్క దొరకలేదు. ఇన్నేళ్లలో చెయ్యి ఆగడం ఇదే మొదలు.

నవంబరు 7

క్లాసుకి వెళ్లలేదు. తలనొప్పి.

నవంబరు 8

తలనొప్పి కాదు. అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు సాయంత్రం ఇంటికొచ్చి నోట్‌బుక్కు తెరిచాను. తీసి చూడలేదని జూలైలో రాసింది అబద్ధం. టైపు చేద్దామనే కూర్చున్నాను. మొదటి పేజీలోనే నాలుగైదు మాటలు అంతు పట్టలేదు. అన్నీ డాక్టరు మాటలు, నేనెన్నడూ విననివి. రెండో పేజీలో గొట్టం సంగతి ఒక్కటే తెలిసింది, అక్కడ ఆపేశాను. రేపు ఎవరినైనా అడిగి టైపు చేద్దాం అనుకున్నాను. తమ్ముడు కొట్టు నుంచి వచ్చి, "డాక్టరేమన్నాడు?" అని అడిగాడు.

"అన్నీ రాసుకున్నాను" అన్నాను.

"అంటే ఏమిటి?"

"ఏం లేదు, చిన్న గొట్టం వేస్తారట, పసుపు తగ్గిపోతుందట."

గొట్టం వేశారు. పసుపు తగ్గింది. అమ్మ లేచి తిరిగింది. ఇక నోట్సుతో పనేముందనుకున్నాను. అంతే కదా. ఎవరైనా అలాగే అనుకుంటారు.

డిసెంబరు 1

ఈ చదువు అయ్యాక ఆ మాటలన్నీ చదవగలను. ఇప్పుడే తెరిస్తే సగం సగం తెలుస్తుంది. పరీక్ష ఫలితం వచ్చిన రోజు తెరుస్తాను. అప్పటిదాకా ముట్టను. ఇది వాయిదా కాదు, పద్ధతి.

జనవరి 12

ఏప్రిల్ పరీక్ష రెండు భాగాలట. రాతపరీక్ష ఒకటి. రెండోది నోటిపరీక్ష: ఒక రోగిని ఎదురుగా కూర్చోబెడతారు, ఆయన పది నిమిషాలు తన బాధ చెప్పుకుంటాడు, మనం మూడే మూడు ప్రశ్నలు అడగొచ్చు, తర్వాత పరీక్ష పెట్టేవాళ్లకి అతని సంగతి చెప్పాలి. గదిలోకి కాగితం, పెన్ను తీసుకెళ్లకూడదు.

కాగితం లేకుండానా! మేష్టారు ఈ మాట చెప్తూ నా వైపే చూశారు. పగబట్టి పెట్టించారేమో అనిపించింది గానీ, పదేళ్లుగా ఇదే పద్ధతట.

జనవరి 30

తమ్ముడి మీద ప్రాక్టీసు చేస్తున్నాను. వాడు కొట్టుకొచ్చిన మనుషుల కథలు చెప్తాడు, నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వినాలి. మొదటిరోజు వాడు చెప్పిన పది నిమిషాల్లో నాకు మిగిలింది రెండు వాక్యాలు. చెవిలో పడిన మాట ఎక్కడికి పోవాలో తెలియక అక్కడే రాలిపోతోంది.

"అక్కా, నా మొహం చూడు. గోడకేసి చూస్తావేంటి?"

"మొహం చూస్తే మాట తప్పిపోతుందిరా."

"పోతే పోనీ. మొహంలో కూడా సంగతులుంటాయి."

వీడికింత తెలివి ఎప్పుడొచ్చిందో.

ఫిబ్రవరి 9

పదిహేను నిమిషాలు విన్నాను, అంతా చెప్పగలిగాను. పైగా, "నువ్వు చెప్పిన ఆ లారీ ఆయన టైర్లు కొనకుండా వెళ్లిపోయాడు కదూ?" అన్నాను. వాడు ఆ సంగతి నాకు చెప్పలేదు. నోరు వెళ్లబెట్టాడు. "ఎలా తెలిసింది?" అన్నాడు. చెప్తున్నప్పుడు వాడి పెదవి కింద విసుగు కనపడింది, అంతే.

ఫిబ్రవరి 22

అమ్మ ఆఖరి పదకొండు వారాలు. ఎందుకో ఈ రోజు పొద్దున్నుంచీ అవే గుర్తొస్తున్నాయి. ఆ రోజులు ఎంత బాగుండేవి! అమ్మ అంత తీరిగ్గా ఎప్పుడూ లేదు. తమ్ముడికి వంట నేర్పింది, వాడు మాడబెట్టిందంతా వంక పెట్టకుండా తిన్నది. చీరలన్నీ మంచం మీద పరిచి, "ఇది నీకు, ఇది మీ పిన్నికి" అని పంచింది. ఎందుకమ్మా ఇప్పుడు అంటే బీరువా సర్దుతున్నానంది. మళ్లీ పేపరు చదివి డిక్టేషను ఇస్తానంది. ముప్పై రెండేళ్లదాన్ని కింద కూర్చోబెట్టుకుని జడ వేస్తూ చదివింది. మెల్లగా చదివింది, ఎనభై మాటల కంటే లేదు. "స్పీడు తగ్గిందేమిటమ్మా?" అన్నాను. "నువ్వు పెరిగావులే" అంది.

మూడుసార్లు అడిగింది. "ఆ ఆసుపత్రి నోట్సు టైపు చేశావా?"

రేపు చేస్తానన్నాను. మూడోసారీ రేపు అన్నాను. ఆ తర్వాత అడగలేదు.

మార్చి 18

పాలియేటివ్. మేడమ్ మాటల్లో వచ్చింది. రోగం నయం చేయడానికి కాదు, బాధ తగ్గించడానికి చేసే వైద్యం.

ఆ గీత కూడా నా చేతికి తెలుసు.

ఏప్రిల్ 5

రాతపరీక్ష. పళ్లేలు, గ్లాసుల లెక్క వచ్చింది! బయటికొచ్చి వంటాయన్ని చూసి ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం.

ఏప్రిల్ 9

నోటిపరీక్ష అయింది.

గది గుమ్మం దగ్గర పెన్సిలు తీసుకున్నారు. నాక్కూడా జుట్టుముడిలో పెన్సిలు దోపుకునే అలవాటుంది, నేనే మర్చిపోయాను. లోపల ఒక పెద్దాయన, బస్సు డ్రైవరు. షుగరు, కాళ్ల తిమ్మిర్లు, అరికాలికి మానని పుండు. గడగడా చెప్తున్నాడు, బాగా అలవాటైన పాఠం అప్పగించినట్టు. నేను చేతులు తొడల కింద పెట్టుకుని ఆయన మొహం చూస్తూ కూర్చున్నాను. మాత్రల సంగతి వచ్చినప్పుడల్లా "మా ఆవిడ ఇస్తుంది" అంటున్నాడు. ఏ రంగువి అని అడిగాను, అది నా మొదటి ప్రశ్న. "చిన్నవి రెండు, పెద్దది ఒకటి" అన్నాడు. రంగు చెప్పలేదు.

రెండో ప్రశ్న అడగడానికి నాకే బాధేసింది. "ఎదురొచ్చే బస్సు నంబరు ఎంత దూరంలో ఉండగా కనపడుతుందండీ?"

ఆయన కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత, "ఇంకా రెండేళ్లే ఉందమ్మా రిటైరవడానికి. ఇంట్లో కూడా చెప్పలేదు" అన్నాడు.

మూడో ప్రశ్న అడగలేదు. ఆయన చెయ్యి పట్టుకున్నాను, అందుకు మార్కులు తీస్తారో వేస్తారో తెలియదు. పరీక్ష పెట్టే ఆవిడ ఏదో రాసుకుంటోంది. నాకు ఆవిడ చెయ్యి చూస్తే ఎందుకో జాలేసింది.

మే 16

వచ్చింది. ముప్పైలో ఇరవై ఏడో స్థానం. వంటాయన ఒకటోవాడు. మేష్టారు కాలేజీ వరండాలో ఎదురై, "డైరీ రాస్తున్నారా?" అన్నారు. "రాస్తున్నానండీ" అన్నాను. తల ఊపి వెళ్లిపోయారు.

తమ్ముడు టైర్ల కొట్టులో ఉన్నవాళ్లందరికీ మిఠాయి పంచాడట. "మా అక్క చెప్పే డాక్టరు" అని అందరికీ చెప్పాడట.

ఫలితం వచ్చింది కదా. ఇక సాకు లేదు.

మే 17

రేపు.

మే 18

తెరిచాను. పగలే, తమ్ముడు పక్కనుండగానే. "నువ్వు చదువు, నేను వింటాను. జన్మలో ఒక్కసారైనా మీ దొంగ భాష వింటాను" అని ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

గీతలు చల్లారిపోయాయి గానీ మొదటి పేజీ దొరికింది. అప్పుడు అంతు పట్టని మాటలన్నీ ఇప్పుడు తెలిసినవే. ప్యాంక్రియాస్. హెపాటిక్. మెటాస్టాసిస్. ఆపరేషనుకి వీలుకాని దశ. పాలియేటివ్. ఒక్కొక్కటీ చదువుతూ వాడికి అర్థం చెప్పాను. క్లోమంలో కాన్సరు, కాలేయానికి పాకింది, నయం కాదు. అన్నీ మొదటి రోజే, మొదటి పేజీలోనే చెప్పాడు ఆ డాక్టరు. వాడి మొహం ఎర్రబడింది.

"చెప్పాడా? ఆ రోజే చెప్పాడా?"

"చెప్పాడు."

"నీకేనా చెప్పింది?"

"నాకే. నా వైపే చూసి చెప్పి ఉంటాడు. నేను రాసుకున్నాను."

వాడు లేచి గుమ్మం దాకా వెళ్లాడు. వెళ్లిపోతాడనుకున్నాను. తిరిగొచ్చి మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు. "చదువు" అన్నాడు.

రెండో పేజీ గొట్టం సంగతి. మూడో పేజీకి నేనెప్పుడూ రాలేదు, ఆ సాయంత్రం కూడా. అందులో డాక్టరు మాటలు తక్కువ. నేను ఎవరేమన్నా రాసేస్తాను కదా, అమ్మ మాటలు కూడా రాసేశాను. సైన్సు మాట ఒక్కటీ లేదు. అయిదో తరగతి పిల్ల కూడా చదవగల మాటలు. వాటిని చదవడానికి నాకు ఏడాది చదువు అక్కర్లేదు. పేజీ తిప్పితే చాలు. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

డాక్టరు: మీ అమ్మాయికి అర్థమైందా? ఏమీ అడగడం లేదు.

అమ్మ: అది వినడం లేదు డాక్టరుగారూ, రాస్తోంది. మీరు నాతో చెప్పండి.

డాక్టరు: మూడు నెలలు. ఇంకొంచెం ఎక్కువో తక్కువో.

అమ్మ: సరే.

డాక్టరు: ఆమెకి నేను మళ్లీ చెప్పనా?

అమ్మ: వద్దు. ఇంటికెళ్లి టైపు చేసేటప్పుడు తెలుస్తుంది దానికి. అప్పటిదాకా ఉండనివ్వండి.

అక్కడ గీత ఒకటి కాస్త వంకరగా ఉంది, అమ్మ లేవడానికి నా భుజం పట్టుకుని ఉంటుంది.

చదవడం ఆపాను. తమ్ముడు ఆ పేజీ తన వైపు తిప్పుకుని గీతలు చూశాడు. తిడతాడని చూశాను. తిట్టినా బాగుండేది.

"అక్కా, ఆ మాట అన్నప్పుడు అమ్మ నవ్విందా, ఏడ్చిందా?"

"తెలీదురా. నేను తల ఎత్తలేదు."

మే 19

వాడు నాతో మాట్లాడలేదు. పొద్దున్నే కొట్టుకి వెళ్లిపోయాడు.

మూడుసార్లు అడిగింది. ఇప్పుడు తెలుస్తోంది ఎందుకడిగిందో. నాకు తెలిసిపోయిందా లేదా అని ఆవిడ పదకొండు వారాలూ నా మొహం చూస్తూ కూర్చుంది. నేను అదేమీ చూడకుండా, రేపు చేస్తాలే అమ్మా అన్నాను. చీరలు, వంట, జడ, అన్నీ ఆవిడ ఒక్కతే తెలిసి చేసింది. తోడు ఏడవడానికి పక్కనే మనిషి ఉండి కూడా లేనట్టయింది. ఆవిడకి కోపం రాలేదేమో, ఒకే పని చేసేవాళ్లం కదా, చెయ్యి నడుస్తున్నప్పుడు మనిషి ఎక్కడికి పోతుందో ఆవిడకి తెలుసు. కానీ నాకు కోపం వస్తోంది. గోడకేసి తల బాదుకోవాలని ఉంది.

మే 20

టైపు చేద్దామని మిషను కవరు తీశాను. రిబ్బను ఎండిపోయింది, అక్షరం పడలేదు. ఈ కాలంలో రిబ్బను ఎక్కడ దొరుకుతుంది? అలాగే చేతులు పెట్టుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం తమ్ముడు వచ్చాడు. బల్ల మీద చిన్న పొట్లం పెట్టాడు. రిబ్బను. పొద్దున వెళ్తూ మిషను చూసుకుని, పాత సామాన్ల కొట్లు పదకొండు తిరిగాడట.

"రెండు కాపీలు తియ్యి, ఒకటి నాకు" అన్నాడు. చొక్కా నిండా మసి. కాసేపాగి, "అమ్మ నేర్పిన వంట నేను మాడబెట్టలేదక్కా, కాస్త ఎర్రబడిందంతే. నువ్వా సంగతి తప్పు రాసుకునుంటావు" అన్నాడు. నేను నవ్వాను, ఏడ్చాను కూడా, వాడి మొహం చూస్తూనే.

మధ్యలో కార్బను పెట్టి మూడు పేజీలూ టైపు చేశాను. తప్పులు లేవు, రెండుసార్లు సరిచూశాను. ఆసుపత్రికి వెళ్లిన తేదీ పైన వేశాను, ఈ రోజు తేదీ కింద వేశాను.

అమ్మా, టైపు చేశాను.